ప్రతి కంటికీ ఒక మాట

“ఆ మాటకి అంత అర్థం లేదు పాపా,” అన్నాడు అన్న, రొట్టెకి వెన్న రాసుకుంటూ. “నువ్వే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నావు.”

పాప ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది. రాత్రి భోజనాల దగ్గర అన్న ఆ కబురు చెప్పినప్పటి నుంచి ఆమె గొంతులోకి ఏదీ దిగలేదు. పెద్దాసుపత్రిలో కృత్రిమ నేత్రాల విభాగానికి అతన్ని అధికారిగా వేశారు. సోమవారం చేరాలి. ఒక్కడే వెళ్తాడు. ఇంటి ముందుగదిలో నాన్న పెట్టిన గాజుకళ్ళ దుకాణం మూసేస్తాడు. చెల్లెలికి ఇక శ్రమ తప్పుతుందట, హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చట. ఆ చివరి ముక్క చెప్తున్నప్పుడు అతని మొహంలో ఉట్టిపడిన ఔదార్యం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

“నాన్న చనిపోయిన వారంలో, ఇదే బల్ల దగ్గర ఏమన్నావు?” అంది పాప. “ఈ పనిమీద నేనెక్కడికెళ్ళినా నా పక్కన నీ కుర్చీ ఉంటుంది, నా పేరు పక్కన నీ పేరుంటుంది అన్నావు. ‘ఏరన్‌వోర్ట్?’ అని అడిగాను. ‘ఏరన్‌వోర్ట్’ అన్నావు. అమ్మ కూడా ఇక్కడే ఉంది.”

అమ్మ గిన్నెలు కడుగుతోంది. ఆ రోజు గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది.

“ఆ ధీమాతోనే కదా, నా పని తెలిసిన నాన్న గురువుగారి శిక్షణాలయం వాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మని బతిమాలినా వెళ్ళలేదు! ఇప్పుడా కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.”

“నేను వెళ్ళొద్దన్నానా?” అన్నాడు అన్న.

నిజమే, అనలేదు. మాటిచ్చి ఊరుకున్నాడు. ఆ మాట పట్టుకుని ఆగిపోయింది తనే. పాపకి ఏడుపు వచ్చేదే కానీ, దాన్ని తోసుకుంటూ కోపం ముందుకొచ్చింది.

అంతలో వదిన జడ వేసుకుంటూ వచ్చింది. ఆమె జర్మన్ టీచరు. ఈ ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున్నే లేచి పరీక్ష పేపర్లు దిద్దుకుని, బస్సు పట్టుకుని పరిగెత్తే మనిషి.

“దేని గురించి గొడవ?” అంది.

“నీ భాష గురించే,” అన్నాడు అన్న, న్యాయమూర్తి దొరికినట్టు వెనక్కి వాలుతూ. “ఏరన్‌వోర్ట్ అంటే ఏమిటో మా చెల్లెలికి కాస్త చెప్పు.”

“ఏరె అంటే పరువు, గౌరవం. వోర్ట్ అంటే మాట. పరువు మీద పెట్టి ఇచ్చే మాట.” వదిన పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టింది. “ఒకరు ‘ఏరన్‌వోర్ట్?’ అని అడుగుతారు. రెండోవాళ్ళు ‘ఏరన్‌వోర్ట్’ అంటారు. అంతే, సంతకాలు ఉండవు.”

“దాన్ని పట్టుకుని కోర్టుకి వెళ్ళొచ్చా?”

“అబ్బే! చిన్నపిల్లలు కూడా అంటారు. నీ బొమ్మ రేపిచ్చేస్తా, పెద్ద ఏరన్‌వోర్ట్, అని.”

“విన్నావా?” అన్నాడు అన్న చెల్లెలి వైపు తిరిగి. “బొమ్మల కోసం పిల్లలనే మాటట. దానికింత రాద్ధాంతం!”

“అంతే కాదండీ, ఇంకా...” అంది వదిన.

“నీ బస్సు పోతుంది,” అన్నాడతను. వదిన గడియారం చూసి ‘అయ్యో’ అని పేపర్లు చంకలో పెట్టుకుని పరుగు తీసింది.

అన్న రొట్టె ముక్క పూర్తిచేసి, జేబురుమాలుతో ఎడమకన్ను ఒత్తుకుని లేచాడు. పాప ఆ రుమాలు వైపే చూస్తూ కూర్చుంది.

ఈ ఇంట్లో వదినకి తెలియనివి రెండున్నాయి. ఊరికీ తెలియవనుకోండి. మొదటిది, దుకాణంలో కళ్ళు చేసేది అన్న కాదు, పాప. రెండోది, అన్న ఎడమకన్ను గాజుది.

అతనికి పదేళ్ళప్పుడు నాన్న పక్కన మంటబల్ల దగ్గర నిలబడి ఉండగా కాలుతున్న గాజు గొట్టం పేలింది. ఆ కన్ను పోయింది. ఒక్క కంటితో చూసేవాడికి మంట ఎంత దూరంలో ఉందో, గాజు మొన ఎక్కడ ఆగిందో అంచనా దొరకదు. ఎంత నేర్పినా కొడుకు చేతికి ఆ పని రాలేదు, చూస్తూ చూస్తూనే కూతురి చేతికి వచ్చేసింది. అప్పుడు నాన్న ముందుగదికి అడ్డంగా పచ్చతెర కట్టి, తెరకి కంటి ఎత్తున ఒక చీలిక కోశాడు. తెర ఇవతల కొడుకు వచ్చినవాళ్ళతో తియ్యగా మాట్లాడేవాడు. అవతల కూతురు చీలికలోంచి వాళ్ళ మంచికన్ను చూస్తూ, తెల్లగాజు గొట్టాన్ని ఊది బుడగ చేసి, రంగుగాజు పుల్లలతో నల్లగుడ్డు దిద్దేది. నాన్నకి కొడుకు కన్ను దాచాలి. దానికోసం కూతురి చెయ్యి దాచినా ఫరవాలేదనుకున్నాడు.

ఏరన్‌వోర్ట్ కూడా నాన్న తెచ్చిందే. ఈ విద్య ఆయన ఒక జర్మన్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నాడు. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను తియ్యగానే ‘ఏరన్‌వోర్ట్?’ అని అడగాలి. చేసేవాళ్ళు ‘ఏరన్‌వోర్ట్’ అనాలి. అంటే ఈ సంగతి ఈ గది దాటదని. ఆ కుర్చీలో మనిషి ఉన్నంతసేపూ ఇంట్లోవాళ్ళు కూడా ఆ తలుపు తియ్యరు. గాజుకన్ను కొన్నాళ్ళకి కన్నీటికి గరుకెక్కి గుచ్చుకుంటుంది, కొత్తది చెయ్యాల్సిందే. కొత్త కన్నుకి మళ్ళీ కొత్తగా మాట ఇవ్వాలి. పాత కన్నుతో పాటే పాత మాట చెల్లిపోతుందనేవాడు నాన్న.

ఆ మధ్యాహ్నం అన్న దుకాణంలోకి వచ్చి తలుపు గడియపెట్టాడు.

“ఇది గుచ్చేస్తోంది పాపా. ఎర్రబడింది కూడా. సోమవారం అందరి ముందూ నిలబడాలి, ఫోటోలు తీస్తారు. రేపు మీ వదిన బడికెళ్ళాక కొత్తది చేసెయ్.”

పొద్దున ఏమీ జరగనట్టే అడిగాడు. మంచినీళ్ళు ఇమ్మన్నట్టు అడిగాడు.

“అక్కడ నా అవసరం లేదన్నావుగా?” అంది పాప. “నీ ఆసుపత్రిలోనే చేయించుకో.”

“అక్కడ మంట ఉండదు. బయటినుంచి తయారుగా వచ్చిన ప్లాస్టిక్ కళ్ళు పెట్టడమే. నేను పైనుండి చూసుకుంటాను. అయినా నేను వాళ్ళ ముందు కన్ను తియ్యగలనా? విభాగానికి అధికారినే...” నవ్వబోయి మానేశాడు. “నువ్వు తప్ప ఎవరున్నారు నాకు?”

రొట్టె తినేటప్పుడు ఈ సంగతి ఏమైందో! ఆ ప్రశ్న పాప నాలుక చివరిదాకా వచ్చింది. దిగమింగింది. ఒక ఆలోచన ఆమెలో నెమ్మదిగా తలెత్తింది, మరుక్షణం దాన్ని చూసి ఆమే భయపడింది, ఆ తర్వాత భయపడటం మానేసింది.

“సిలిండర్‌లో గ్యాస్ లేదు,” అంది. “శనివారం సాయంత్రానికి వస్తుంది. ఆదివారం పొద్దున కూర్చో.”

“ఆదివారమా? మీ వదిన ఇంట్లో ఉంటుంది!”

“తలుపేసుకుంటే ఎవరొస్తారు? వద్దనుకుంటే ఎర్రకన్నుతోనే ఫోటో దిగు.”

అన్న కాసేపు అటూ ఇటూ తిరిగి, సరే అన్నాడు.

అతను వెళ్ళగానే అమ్మ వచ్చింది. గడియకి అవతల నిలబడి అంతా విన్నట్టుంది. సిలిండర్ని కాస్త వంచి చూసింది. నిండుగా ఉంది.

“ఏమిటే నీ ఉద్దేశం?” అంది.

“కన్ను చేస్తాను. ఇంకేముంటుంది?”

“నీ సంగతి నాకు తెలీదా? కొత్త కాపురం. ఆ పిల్లకి తెలిస్తే ఒక్క పూట కూడా ఉండదు.”

“కన్ను లేదని వెళ్ళిపోయే మనిషి కాదమ్మా వదిన. అబద్ధం చెప్పారని వెళ్తే వెళ్ళొచ్చు. చెప్పకుండా పెళ్ళి చేసింది నేను కాదుగా?”

అమ్మ స్టూలు మీద కూలబడింది. “మీ నాన్నకి మాటిచ్చావు పాపా.”

“పాత కన్నుకిచ్చాను. ఆదివారం అది బయటికొచ్చేస్తుంది.”

“ఎంత మాటన్నావే! వాడు నీకు అన్యాయం చేశాడు, కాదనను. అలాగని వాడి కొంప కూల్చాలా?”

“అన్యాయం చేశాడని నీకు తెలుసు కదా. మరి పొద్దున ఒక్క ముక్క అన్నావా? ‘అవునురా, నా ముందే మాటిచ్చావు’ అని అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప చిన్నప్పటినుంచీ ఆ కొంగుని చూస్తోంది. అన్న తరఫున మాట్లాడాల్సినప్పుడు అది ఎన్నడూ అడ్డం రాలేదు.

శనివారం సాయంత్రం మేడమీద బట్టలు తీస్తుంటే వదిన వచ్చి రెండోవైపు దుప్పటి పట్టుకుంది.

“ఆ రోజు నీ పీకలమీదికి తెచ్చినట్టున్నాను,” అంది. “నేను చెప్పింది సగమే. మిగతాది మీ అన్నయ్య చెప్పనివ్వలేదు.”

“ఇంకేముంది చెప్పడానికి? పిల్లలు బొమ్మల కోసం అంటారు. అయిపోయింది.”

“పిల్లలంటారు కాబట్టే అది పెద్ద మాట పాపా. తప్పితే జైలుండదు, జరిమానా ఉండదు. కానీ తప్పినవాణ్ణి మళ్ళీ ఎవరూ ‘ఏరన్‌వోర్ట్?’ అని అడగరు. వాడంతట వాడు వందసార్లు అన్నా సరే, అడిగేవాళ్ళుండరు. నా క్లాసులో నేను అలాగే చెప్తాను.”

ఇద్దరూ దుప్పటి మడతపెట్టారు. అంచులు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు వదిన గొంతు తగ్గించింది.

“నీకో సంగతి చెప్పనా? పెళ్ళికి ముందు నేనూ అడిగాను. నా దగ్గర ఎప్పుడూ ఏదీ దాచకూడదు, ఏరన్‌వోర్ట్? అని. ఊరికే ఏడిపించడానికి అడిగాను. మీ అన్నయ్య అర్థం కాక తెల్లమొహం వేస్తాడనుకున్నాను. టక్కున ‘ఏరన్‌వోర్ట్’ అన్నాడు! నా మొహంలోకి చూస్తూ అన్నాడు. అక్కడే పడిపోయాననుకో.”

ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. పాపకి నవ్వు రాలేదు. ఈ మనిషి నాలుగు నెలలుగా తను దిద్దిన కన్నులోకి చూసి మురిసిపోతోంది. సొంత భార్య పసిగట్టలేనంత బాగా కుదిరిన కన్ను అది. నరాల కోసం ఎర్రగాజుని వెంట్రుకంత సన్నగా లాగి అతికించింది తను. ఆ పనితనాన్ని అడ్డుపెట్టుకుని అన్న ఒక ఆడదాన్ని మోసం చేశాడు, దాన్నే తెరవెనక తొక్కిపెట్టి ఇంకో ఆడదాన్ని మోసం చేశాడు.

“వదినా, రేపు పొద్దున ఇంట్లోనే ఉంటావా?” అంది.

“ఎక్కడికెళ్తాను? పక్కగదిలో పేపర్లు దిద్దుకుంటాను. ఏం?”

“ఏం లేదు. ఊరికే.”

ఆదివారం పొద్దున అన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పాప తెర పక్కకి లాగేసింది. అన్నకి తెర దేనికి? మంట వెలిగించి, పసుపురంగు పోయి నీలం అయ్యేదాకా తిప్పింది. పక్కగదిలో వదిన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

అన్న లేచి గడియ వెయ్యబోతే పాప ఆపింది.

“ఉక్కపోస్తుంది. ఎవరూ రారులే, కూర్చో.”

అతను తల వంచి, ఎడమకన్ను తీసి అరచేతిలో పట్టుకున్నాడు. కన్ను లేని ఆ వైపు రెప్ప లోపలికి వాలి, అతని వయసు ఒక్కసారిగా పెరిగినట్టయింది. పాపకి క్షణంపాటు జాలి కలిగింది. అన్నని ఇలా చూడగలిగిన మనిషి ఈ లోకంలో తను ఒక్కతే.

“ఏరన్‌వోర్ట్?” అన్నాడు గుసగుసగా, అలవాటుగా.

పాప గొట్టం కొస మంటలో పెట్టి తిప్పుతోంది. గాజు మెత్తబడి వేలాడబోతే తిప్పి నిలబెట్టింది. మెల్లగా ఊదింది.

“పాపా, అడిగాను.”

“విన్నాను.”

“చెప్పు మరి.”

“పెద్దవాళ్ళం అన్నయ్యా. బొమ్మల కోసం పిల్లలనే మాటలు మనకెందుకు?”

అన్న మొహం మాడిపోయింది. “అది వేరు, ఇది వేరు.”

“ఎలా వేరు? నాకు తెలీదు, విడమరిచి చెప్పు.”

“ఇప్పుడా? కన్ను తీసి చేతిలో పెట్టుకుని కూర్చున్నాను!”

“ఇప్పుడే బాగుంటుంది.”

అతను తలుపు వైపు చూశాడు, మళ్ళీ మంట వైపు చూశాడు. గొంతు తగ్గించి, ఒక్కో ముక్క కూడబలుక్కుంటూ చెప్పాడు. “ఆ మాటంటే... అవతలివాడు భయం లేకుండా కన్ను తీసి నీ ముందు కూర్చోవచ్చు. దాని అర్థం అదీ. చాలా?”

“చాలు. నేనూ అలాగే కూర్చున్నాను నీ ముందు. నా చేతికందిన కుర్చీని కాదని కూర్చున్నాను.” పాప తెల్లని బుడగ మీద గోధుమరంగు పుల్ల ఆనించి గుండ్రంగా దిద్దింది, నడుమ నల్లచుక్క పెట్టింది. “నువ్వేమో రొట్టె తింటూ దానికి అర్థం లేదన్నావు.”

“తప్పయిపోయింది! సరేనా? రేపే డైరెక్టరుతో మాట్లాడతాను. నా పక్కన నీ కుర్చీ, బోర్డు మీద నీ పేరు. ఈసారి నిజంగా. ఏరన్‌వోర్ట్! పెద్ద ఏరన్‌వోర్ట్!”

పాప మంట మీదినుంచి చూపు ఎత్తింది.

“నేను అడగలేదన్నయ్యా,” అంది.

అతనికి ఆమె ఏం చెయ్యబోతోందో అప్పుడు అర్థమైంది. కుర్చీలోంచి సగం లేచాడు.

“వద్దు పాపా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఏదైనా చెయ్యి, అది మాత్రం వద్దు.”

కాళ్ళ మాట వినగానే ఆమె మనసు చల్లబడాలి. పుస్తకాల్లో అయితే చల్లబడుతుంది. ఆమెకి మాత్రం ఇన్నేళ్ళ తర్వాత ఆకలేసినట్టనిపించింది.

“వదినా!” అని గట్టిగా పిలిచింది. “ఒక్కసారి లోపలికి రా!”

పక్కగదిలో కలం బల్లమీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. కుర్చీలో మనిషి ఉండగా ఆ తలుపు తెరుచుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

పాప ఒక్క ముక్క కూడా మాట్లాడదలుచుకోలేదు. మాట్లాడాల్సింది అన్న. నాలుగు నెలల కిందటే చెప్పాల్సింది, ఇప్పుడు చెప్పుకోవాలి. ఆ పూట కోసమే ఆమె ఆదివారం దాకా ఆగింది.

అన్న ఎడమకంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క అరుపు అరిచాడు.

“గాజు పేలింది! నా కన్ను! ఇది... ఇది కావాలనే చేసింది! మంట నా మొహం మీదికి తిప్పింది!”

పాప చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. గాజు చల్లారి చిటపటమంది.

“ఏమైందండీ!” వదిన ఒక్క అంగలో అతని దగ్గరికి చేరింది. వెనకే అమ్మ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆమె చూపు కొడుకు మీదినుంచి కూతురి మీదికి, మళ్ళీ కొడుకు మీదికి వెళ్ళింది.

“అమ్మా, నువ్వు చెప్పు,” అంది పాప.

“అత్తయ్యా, నిజమేనా?” అంది వదిన. “నిజంగా పాపే...?”

అమ్మ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. పదేళ్ళ కొడుకు ఇదే గదిలో ఇలాగే అరిచినప్పటి నీళ్ళు, ఇన్నాళ్ళకి మళ్ళీ వచ్చాయి.

“అవునమ్మా,” అంది అమ్మ. ఈసారి కొంగు అడ్డం రాలేదు. “గాజు పేలిన చప్పుడు నేను విన్నాను.”

పాప మంట ఆర్పాలన్న ధ్యాస కూడా లేక గోడకి ఆనుకుంది. వదిన మొగుడి మణికట్టు పట్టుకుని, అతను గింజుకుంటున్నా వినకుండా, చేతిని బలంగా కిందికి లాగింది. వాలిపోయిన రెప్పని చూసింది. గాజుకన్నుని దాచి ముడుచుకున్న అతని రెండో పిడికిలి చూసింది. తెల్లచొక్కాని కాలరు నుంచి కిందిదాకా చూసింది. వంగి నేలమీద చూసింది.

చాలాసేపటికి తల ఎత్తి, అత్తగారి వైపు తిరిగింది.

“రక్తం ఏది అత్తయ్యా?” అంది.